ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తది వేశారు, అయినా హాలు చల్లబడలేదు

వైశాఖం, పెళ్ళి ముహూర్తాల రోజులు. ఫంక్షన్ హాల్లో ఫాల్స్ సీలింగ్ పైన నాలుగు 8.5 టన్నుల డక్టబుల్ ఏసీలు (పెద్ద డక్టుల గుండా గాలి పంపేవి) ఉన్నాయనుకుందాం, అందులో ఒకటి గాలి బాగానే వదులుతోంది గానీ ఆ గాలిలో చల్లదనం లేదు. మెకానిక్ వచ్చి గేజి పెడతాడు. సక్షన్ ప్రెజర్, అంటే గాలిని చల్లబరిచే కాయిల్ నుంచి కంప్రెసర్‌కి పోయే పైపులో గ్యాస్ ఒత్తిడి, తక్కువ చూపిస్తుంది. కాస్త గ్యాస్ ఎక్కిస్తాడు, ముల్లు కొంచెం లేచి మళ్ళీ కిందికే వస్తుంది. "ఎక్స్‌పాన్షన్ వాల్వ్ పోయింది సార్, మార్చాల్సిందే" అంటాడు. పాతది కోసేసి కొత్తది వెల్డ్ చేసి గ్యాస్ నింపి వెళ్ళిపోతారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. మూడో రోజు రాత్రి, సరిగ్గా హాలు నిండిన వేళకి, మళ్ళీ అదే కథ, పైగా ఈసారి కాయిల్ కింది సగం ఐసు కట్టి పై సగం పొడిగా ఉంటుంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏసీ రిపేరులో నింద ఎక్కువగా పడేది ఈ వాల్వు మీదే. కాయిల్లోకి ఎంత ద్రవం వదలాలో చూసుకునే పిడికెడంత ఇత్తడి ముక్క, లోపల ఏముందో బయటికి కనపడదు, కాబట్టి ఏది అర్థం కాకపోయినా దాని మీదకి తోసేయొచ్చు. తీసి పారేసిన పాత వాల్వుల్లో నిక్షేపంగా పనిచేసేవి తక్కువేమీ కాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, పాత వాల్వుని చెడగొట్టిన తప్పులనే కొత్తది బిగించేటప్పుడు కూడా చేస్తారు, దాంతో కొత్తదీ అదే దారి పడుతుంది. వాల్వు సొంతంగా ఆలోచించే వస్తువు కాదు, తనకి అందిన రెండు మూడు కబుర్లని బట్టి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. బిగించడంలో అసలు పని ఆ కబుర్లు తప్పు లేకుండా దానికి అందేలా చూడటమే, వెల్డింగు అందులో ఒక చిన్న భాగం.

ఆ కబుర్లు ఏమిటో ముందు చూద్దాం. వాల్వు తలలో ఒక పల్చటి రేకు ఉంటుంది, డయాఫ్రం. దాని పైనుంచి ఒక ఒత్తిడి, కిందినుంచి రెండు. పైనుంచి నొక్కేది బల్బు ప్రెజర్. బల్బు అంటే వెలిగే బల్బు కాదు, వేలంత రాగి గొట్టం, లోపల కొద్దిగా గ్యాస్ పోసి సీలు చేసి ఉంటుంది, వెంట్రుకలాంటి సన్న ట్యూబుతో వాల్వు తలకి కలిపి ఉంటుంది. దాన్ని కాయిల్ నుంచి బయటికొచ్చే సక్షన్ పైపుకి కడతారు. పైపు వేడెక్కితే బల్బులో ప్రెజర్ పెరిగి వాల్వుని తెరుస్తుంది, చల్లబడితే తగ్గి మూసుకోనిస్తుంది. కిందినుంచి పైకి నెట్టేవి కాయిల్ ప్రెజర్, స్ప్రింగు. ఈ మూడూ సమానమైన చోట వాల్వు నిలబడుతుంది.

అంకెల్లో చెబితే ఇంకా తేలిక. ఆర్‌22 అనే గ్యాస్‌తో నడిచే యంత్రం తీసుకుందాం. కాయిల్ ప్రెజర్ 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉందంటే లోపల గ్యాస్ 5 డిగ్రీల దగ్గర మరుగుతోందని అర్థం. కాయిల్ చివర పైపు 11 డిగ్రీలుంది. ఆ 11 డిగ్రీల దగ్గర బల్బు లోపలి ప్రెజర్ సుమారు 87. స్ప్రింగు 17 పీఎస్ఐ అంత బలంతో నొక్కుతుంటే, 70 ప్లస్ 17 ఈజ్ ఈక్వల్ టు 87, త్రాసు సరిపోయింది. 11 లోంచి 5 తీసేస్తే వచ్చే 6 డిగ్రీలనే సూపర్‌హీట్ అంటారు. అంటే ద్రవం మొత్తం ఆవిరైపోయాక ఆ ఆవిరి ఇంకో 6 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తోంది, ద్రవం చుక్క కూడా కంప్రెసర్ వైపు పోవట్లేదు. వాల్వు కాపాడేది ఈ 6 డిగ్రీల తేడానే. గది ఎంత చల్లగా ఉందో దానికి తెలీదు, అక్కర్లేదు కూడా. "వాల్వు తిప్పితే కూలింగ్ పెరుగుతుంది" అని స్క్రూడ్రైవర్ తీసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. డెన్మార్క్‌లో మాడ్స్ క్లౌసెన్ అనే ఇంజనీరు 1933లో తల్లిదండ్రుల రైతు ఇంటి అటక మీద ఇలాంటి వాల్వులు తయారుచేయడం మొదలుపెట్టాడు, అదే ఈనాటి డాన్‌ఫాస్ కంపెనీ. తొంభై ఏళ్ళు దాటాయి, లోపలి సూత్రం ఇప్పటికీ అదే.

ఇళ్ళలో ఉండే పాతకాలపు స్ప్లిట్ ఏసీల్లో ఈ వాల్వు ఉండదు, సన్నటి క్యాపిలరీ గొట్టం ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి మోటారుతో నడిచే ఎలక్ట్రానిక్ వాల్వు. బల్బుతో పనిచేసేది ఎక్కువగా కనిపించేది డక్టబుల్, ప్యాకేజ్ యూనిట్లలో, బస్సు ఏసీల్లో, చిన్న కోల్డ్ రూముల్లో. కార్లలో కూడా ఉంటుంది గానీ అది చిన్న చతురస్రపు దిమ్మ ఆకారంలో, బల్బు పనిని తనలోనే దాచుకుని ఉంటుంది.

పాతది కోయకముందు అది నిజంగా పోయిందో లేదో తేల్చాలి. ఈ పనికి అరగంట పడుతుంది, చాలామంది ఈ అరగంటే ఎగ్గొడతారు. మొదట గాలి. ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోయినా, బ్లోయర్ బెల్టు జారుతున్నా కాయిల్ మీదికి గాలి తగ్గి సక్షన్ ప్రెజర్ పడిపోతుంది, ఇది అచ్చం వాల్వు జబ్బులాగే కనిపిస్తుంది. టన్నుకి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) లెక్కన 8.5 టన్నుల యూనిట్‌కి 3,400 సీఎఫ్ఎం దాకా గాలి కావాలి, అది లేకుండా గేజి చూసి ప్రయోజనం లేదు. గాలి బాగుంటే అప్పుడు రెండు కొలతలు: కాయిల్ చివర సూపర్‌హీట్, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) నుంచి వచ్చే లిక్విడ్ పైపు మీద సబ్‌కూలింగ్, అంటే గ్యాస్ ద్రవంగా మారాక ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో ఆ తేడా. సక్షన్ తక్కువగా ఉండి సూపర్‌హీట్ కూడా తక్కువగా ఉంటే తప్పు గాలిదే అయ్యే అవకాశం ఎక్కువ. సూపర్‌హీట్ ఎక్కువ, సబ్‌కూలింగ్ తక్కువ అయితే గ్యాస్ తక్కువైంది, ఎక్కడో లీకు ఉంది, దాన్ని వెతకాలి. సూపర్‌హీట్ ఎక్కువగా ఉండి సబ్‌కూలింగ్ మాత్రం మామూలుగానో ఎక్కువగానో ఉంటే, అంటే ద్రవం వెనకాల పోగుపడి ముందుకి రావట్లేదంటే, అప్పుడు వాల్వు మీదో, తేమనీ చెత్తనీ పట్టే ఫిల్టర్ డ్రయర్ మీదో అనుమానపడొచ్చు. డ్రయర్ ముందూ వెనకా పైపు చేత్తో పట్టుకుని చూస్తే, అవతలి వైపు చల్లగా తగిలితే అడ్డు డ్రయర్‌లోనే ఉంది, వాల్వు దాకా వెళ్ళనే అక్కర్లేదు.

డ్రయర్ కూడా బాగుంటే ఇంకో చిన్న పరీక్ష. బల్బుని పైపు నుంచి విప్పి అరచేతిలో గట్టిగా పట్టుకోవాలి. వాల్వు బతికుంటే ఒకటి రెండు నిమిషాల్లో సక్షన్ ముల్లు లేస్తుంది, పైపు మీద చెమట ముందుకి పాకుతుంది. అదే బల్బుని ఐసు నీళ్ళలో ముంచితే ముల్లు దిగాలి. చేతి వేడికి ముల్లు కదలకపోతే, బల్బు లోపలి గ్యాస్ లీకై పోయి ఉండొచ్చు లేదా లోపల చెత్త అడ్డం పడి ఉండొచ్చు. చేతిలో ఎక్కువసేపు ఉంచకూడదు, వాల్వు పూర్తిగా తెరుచుకుని ద్రవం కంప్రెసర్ దాకా పోతుంది. ఈ పరీక్షకి ఖర్చు లేదు, పనిముట్టూ అక్కర్లేదు, అయినా ఎందుకో అరుదుగానే చేస్తారు.

సరే, వాల్వు పోయిందనే తేలింది. కొత్తది తెచ్చేటప్పుడు టన్నేజి ఒక్కటే చెప్పి తెచ్చుకుంటే చాలదు, ఏ గ్యాస్‌కి తయారైందో చూడాలి. ఆర్‌22 వాల్వుని ఆర్‌410ఏ యంత్రానికి వేస్తే ఏమవుతుందో పై లెక్కతోనే చూడొచ్చు. ఆర్‌410ఏ ప్రెజర్లు ఆర్‌22 కంటే అరవై శాతం దాకా ఎక్కువ. 5 డిగ్రీల దగ్గర కాయిల్లో 120 పీఎస్ఐ పైనే ఉంటుంది. బల్బు మాత్రం 11 డిగ్రీల దగ్గర 87తోనే నొక్కుతోంది. 87తో 120ని నెట్టడం ఎలా? కాయిల్ ప్రెజర్ 70కి పడిపోయేదాకా వాల్వు తెరుచుకోదు, ఆ 70 దగ్గర ఆర్‌410ఏ మైనస్ 9, 10 డిగ్రీల్లో మరుగుతుంది, కాయిల్ ఐసు గడ్డ అవుతుంది. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా తల మీది చిన్న అక్షరాల్లోనే. 2025 నుంచి కొత్త యంత్రాల తయారీలో ఆర్‌22 వాడకం మన దేశంలో ఆగిపోయింది గానీ పాత యంత్రాలు హాళ్ళలో, ఆఫీసుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కాబట్టి ఈ కలగాపులగం ఇంకొన్నాళ్ళు తప్పదు. ఆర్‌22 వాల్వుతోనే ఆర్‌407సీ నడిపేవాళ్ళున్నారు, అది కొంత సర్దుబాటుతో నడుస్తుంది కూడా, కాకపోతే ఆయిల్ మార్చాలి, సూపర్‌హీట్ లెక్కకి ఆ గ్యాస్ చార్టులో డ్యూ పాయింట్ (ఆఖరి చుక్క ఆవిరయ్యే వేడి) వరస చూడాలి. టన్నేజి విషయంలో మనవాళ్ళకి ఓ అలవాటుంది, "ఒక సైజు పెద్దది వేద్దాం సార్, సేఫ్" అని. పెద్ద వాల్వు సేఫ్ కాదు. లోడు తక్కువున్నప్పుడు అది ఒకేసారి ఎక్కువ వదిలి, భయపడి మూసుకుని, మళ్ళీ వదిలి, అలా ఊగుతూ ఉంటుంది, గేజి ముల్లు గడియారం లోలకంలా అటూ ఇటూ కొట్టుకుంటుంది.

పని మొదలెట్టే ముందు గ్యాస్ సంగతి. లిక్విడ్ లైన్ వాల్వు మూసి కంప్రెసర్ నడిపి గ్యాస్‌ని కండెన్సర్ వైపు లాగేసుకోవచ్చు, సక్షన్ 2, 3 పీఎస్ఐకి రాగానే ఆపేయాలి, సున్నా దాటి వాక్యూమ్‌లోకి పోనివ్వకూడదు, స్క్రోల్ కంప్రెసర్‌కి అది ప్రాణాంతకం. గ్యాస్ మిగిలున్న పైపు మీద మంట పెడితే ఆర్‌22 విషవాయువులుగా విడిపోతుంది, ఫాస్జీన్ వాటిలో ఒకటి. ఆర్‌32 అయితే అదే కొద్దిగా మండే స్వభావమున్నది, దాన్ని మొత్తం తీసేసి నైట్రోజన్‌తో కడిగాకే టార్చి వెలిగించాలి. గాలికి వదిలేయడం ఎలాగూ తప్పే, మూసి ఉన్న సీలింగ్ లోపల వదిలితే ఊపిరాడక పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇక వెల్డింగు. బ్రేజింగ్‌లో, అంటే రాడ్ కరిగించి పైపులు అతికే ఈ పనిలో, రాగి 600 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, వాల్వు లోపల ఉన్న సీళ్ళు, డయాఫ్రం అందులో పావువంతు వేడిని కూడా తట్టుకోలేవు. అందుకే వాల్వు ఒంటికి తడిగుడ్డ చుట్టాలి, గుడ్డ ఆరిపోతుంటే ఆపి మళ్ళీ తడపాలి, మంట మొన ఎప్పుడూ వాల్వుకి అవతలి వైపే చూడాలి. విప్పడానికి వీలున్న వాల్వు అయితే తల, లోపలి భాగాలు తీసి పక్కన పెట్టి ఒళ్ళు మాత్రమే వెల్డ్ చేసుకోవడం మేలు. తడిగుడ్డ దాకా అందరికీ తెలుసు. తెలిసినా చేయనిది నైట్రోజన్. వేడెక్కిన రాగి లోపలి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొట్టు కడుతుంది. జాయింట్ బయటికి తళతళలాడుతుంటుంది, లోపల మాత్రం మాడిన గిన్నె అడుగే. ఆర్‌410ఏ, ఆర్‌32 యంత్రాల్లో వాడే ఆయిల్ ఈ పొట్టుని రేకులు రేకులుగా లేపి మోసుకుపోతుంది, మోసుకుపోయి ఎక్కడ పోస్తుందంటే వాల్వు ముందున్న చిన్న జల్లెడలో. వాల్వు బిగించిన చేతులే వాల్వుకి అడ్డు తయారుచేసినట్టు. దీనికి మందు, వెల్డ్ చేస్తున్నంతసేపూ పైపులోంచి సన్నగా నైట్రోజన్ పారుతూ ఉండటం, అవతలి కొస దగ్గర చెయ్యి పెడితే తగిలీ తగలనట్టు ఉంటే చాలు. ఎక్కువ వదిలితే కరిగిన రాడ్ ఊదుకుపోయి జాయింట్‌లో చిల్లులు పడతాయి. ఫ్లేర్ నట్టు వాల్వు అయితే మంట గొడవ లేదు గానీ రెండు స్పానర్లు కావాలి, ఒకటి వాల్వుని పట్టుకోవడానికి, ఒకటి నట్టుని తిప్పడానికి, లేకపోతే పైపు మెలిపడుతుంది. ఫ్లేర్ మీద టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్ళని ఇంకా చూస్తూనే ఉంటాం, దాని అవసరం అక్కడ లేదు, ఒక చుక్క కంప్రెసర్ ఆయిల్ చాలు. బాణం గుర్తు ఎటు చూస్తోందో ఒక్కసారి చూసుకోవడం గురించి చెప్పడం కూడా చిన్నతనమే, కానీ సీలింగ్ లోపల చీకట్లో, ఒక చేత్తో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని పనిచేసేవాళ్ళకి అది తిరగబడటం పెద్ద వింతేమీ కాదు.

ఇప్పుడు అసలు సంగతి, బల్బు. వాల్వుకి మూడు గంటలు పనిచేసి బల్బుకి మూడు నిమిషాలు కేటాయించే చోటే మొత్తం చెడుతుంది. బల్బు వేయాల్సింది కాయిల్ నుంచి బయటికొచ్చిన సక్షన్ పైపు మీద, అడ్డంగా పోయే వంపు లేని ముక్క మీద, ఎల్బో మీదా జాయింట్ మీదా కాదు, కిందికి దిగి పైకెక్కే యు బెండ్ దాటాక అసలే కాదు. పైపుని ఎమరీ పేపర్‌తో రాగి రంగు మెరిసేదాకా రుద్ది, బల్బు పొడవంతా పైపుకి అంటుకునేలా పెట్టి, వాల్వు పెట్టెలో వచ్చే లోహపు పట్టీలతో బిగించాలి. ఆ పట్టీలు చాలాసార్లు పెట్టెలోనే ఉండిపోతాయి, వాటి బదులు ప్లాస్టిక్ టై వేస్తారు. ప్లాస్టిక్ టై కొన్ని నెలలకి చలికీ వేడికీ సాగి వదులవుతుంది, బల్బు ఒక అంచు మీద మాత్రమే ఆనుకుని వేలాడుతుంది. గుండ్రటి వస్తువు గుండ్రటి పైపు మీద ఎలాగూ ఒక గీత మేరకే తగులుతుంది, ఆ గీత కూడా లేకపోతే ఇక అది కొలిచేది పైపుని కాదు, చుట్టూ ఉన్న గాలిని.

ఏ పక్కన కట్టాలన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. పైపు అడ్డకోతని గడియారంగా ఊహించుకుంటే, ముప్పావు అంగుళం దాకా ఉన్న సన్న పైపుల్లో పైన, అంటే 12 దగ్గర పెట్టినా పర్లేదు. అంతకంటే లావు పైపుల్లో, మన 8.5 టన్నుల యూనిట్‌లో ఉండే అంగుళం దాటిన పైపు లాంటివాటిలో, 4 దగ్గరో 8 దగ్గరో పెట్టమంటారు. 6 దగ్గర, అంటే అడుగున, ఏ పైపుకీ పెట్టకూడదు. కారణం సాదాసీదాదే: సక్షన్ పైపు అడుగున ఆయిల్ పారుతూ ఉంటుంది, ఆవిరి అసలు వేడి బల్బుకి తెలియకుండా అది మధ్యలో దుప్పటిలా అడ్డు పడుతుంది. అయినా అడుగునే కట్టిన బల్బులు కనిపిస్తుంటాయి, ఎందుకంటే సీలింగ్ కింద నిచ్చెన మీద నిలబడి పైకి చేతులు చాపినవాడికి అందేది పైపు అడుగే.

కట్టాక చుట్టూ నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్ వేసి టేపు చుట్టాలి. ఇది వదిలేస్తే ఏమవుతుందో ఎండాకాలం సీలింగ్ పైన చెయ్యి పెట్టినవాళ్ళకి తెలుసు, రేకుల కప్పు కింద అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి బల్బుని తాకితే పైపు వేడెక్కిందనుకుని వాల్వు ఇంకా ఇంకా తెరుచుకుంటుంది, ద్రవం కాయిల్ దాటి కంప్రెసర్‌లోకి పోయి ఆయిల్‌ని కడిగేస్తుంది. బిల్లు వచ్చేది కంప్రెసర్ పేరు మీద, కారణం మాత్రం అరమీటరు రబ్బరు. వెంట్రుక లాంటి సన్న ట్యూబుని కూడా ఊరికే వేలాడనివ్వకుండా నెమ్మదిగా చుట్టలా చుట్టి, ఇనుముకి రాసుకోని చోట కట్టాలి. అది కంపనానికి అరిగి చిల్లు పడితే బల్బు ఖాళీ, వాల్వు మూసుకుపోతుంది, సక్షన్ వాక్యూమ్‌లోకి పోతుంది.

కబురు మోసే రెండో దారి ఈక్వలైజర్ లైను, పావు అంగుళం రాగి పైపు, కాయిల్ చివరి ప్రెజర్‌ని డయాఫ్రం కిందికి తీసుకొస్తుంది. ఇది లేని వాల్వులు కూడా దొరుకుతాయి, చిన్న కాయిల్‌కి సరిపోతాయి. డక్టబుల్ యూనిట్‌లో వాల్వు తర్వాత డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, దాన్నుంచి సన్న గొట్టాలు సాలీడు కాళ్ళలా కాయిల్లోకి పోతాయి. ఆ డిస్ట్రిబ్యూటర్, కాయిల్ కలిసి 30 పీఎస్ఐ తినేస్తాయనుకుందాం. కాయిల్ చివర 70 ఉంటే వాల్వు మూతి దగ్గర 100 ఉంటుంది. ఈక్వలైజర్ లేని వాల్వు ఆ 100నే కాయిల్ ప్రెజర్ అనుకుంటుంది. 100 ప్లస్ స్ప్రింగు 17, మొత్తం 117, అంత ప్రెజర్ బల్బులో రావాలంటే పైపు 20 డిగ్రీలకి వేడెక్కాలి. అంటే సూపర్‌హీట్ 6 కాదు, 15. సగం కాయిల్ ఎండిపోయి ఉంటుంది, వాల్వు మాత్రం తన లెక్క ప్రకారం తాను బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే. షాపులో ఈక్వలైజర్ ఉన్నది దొరకలేదని లేనిది వేయడం, లేదా ఉన్నది తెచ్చి ఆ పైపు కలపడానికి ఒళ్ళు బరువై రంధ్రానికి మూత బిగించడం, రెండూ జరుగుతుంటాయి. ఆ రంధ్రానికి మూత వేస్తే డయాఫ్రం కిందికి నిజమైన ప్రెజర్ రాదు, ఇక ఆ వాల్వు దేన్ని బట్టి నడుస్తుందో దేవుడికే తెలియాలి. కలిపేటప్పుడు బల్బు దాటాక 15, 20 సెంటీమీటర్ల దూరంలో, సక్షన్ పైపు పైభాగం నుంచి కలపాలి, అడుగు నుంచి కలిపితే ఆయిల్ దిగి ఆ సన్న పైపులో నిలుస్తుంది. బల్బుకి ముందు కలిపితే, వాల్వు లోపల సూది పక్కనుంచి కొద్దిగా కారిన ద్రవం ఆ లైను గుండా వచ్చి బల్బు కింది పైపుని చల్లబరిచి దాన్ని మోసం చేయొచ్చు.

సిస్టం తెరిచిన ప్రతిసారీ ఫిల్టర్ డ్రయర్ కొత్తది వేయాలి, దీని మీద బేరం లేదు. నైట్రోజన్ ఎక్కించి యూనిట్ మీద రాసిన టెస్ట్ ప్రెజర్ దగ్గర నిలబెట్టి సబ్బునురగతో జాయింట్లు చూడాలి. దీనికి ఆక్సిజన్ సిలిండర్ వాడకూడదు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, మనుషులు పోయారు. తర్వాత వాక్యూమ్, అంటే లోపలి గాలినీ తేమనీ పంపుతో లాగేయడం. మామూలు గేజి ముల్లు మైనస్ 30 అంగుళాలకి వెళ్ళగానే "వాక్యూమ్ అయిపోయింది" అంటారు, కానీ 30 డిగ్రీల వేడిలో నీరు మరగడం మొదలయ్యేటప్పటికే ఆ ముల్లు దాదాపు 29 దగ్గరుంటుంది. కావాల్సిన 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ని కొలిచే చాలా చిన్న కొలత) లోతుని ఆ ముల్లు చూపలేదు, దానికి మైక్రాన్ గేజి వేరే ఉండాలి. 500కి వచ్చాక పంపు వాల్వు మూసి పది పదిహేను నిమిషాలు చూడాలి: కొంచెం పెరిగి ఆగిపోతే లోపల తేమ ఉంది, ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు. ఆ తేమని వదిలేస్తే కాయిల్ సున్నాకి దిగువకి వెళ్ళే కోల్డ్ రూముల్లో అది సరిగ్గా వాల్వు రంధ్రంలోనే గడ్డకడుతుంది, గంట నడిచి ఆగుతుంది, ఆపి ఉంచితే కరిగి మళ్ళీ నడుస్తుంది. ఇలాంటి దాన్ని దయ్యం పట్టిన మిషన్ అని ఓనర్లు చెప్పుకుంటారు.

గ్యాస్ నింపడం సక్షన్ ప్రెజర్ చూసి కాదు. క్యాపిలరీ మిషన్లో అలవాటైన చెయ్యి ఇక్కడ తప్పు చేస్తుంది, ఎందుకంటే గ్యాస్ కాస్త తక్కువైనా ఎక్కువైనా వాల్వు సర్దుకుంటుంది, సక్షన్ వైపు తేడా పెద్దగా తెలియదు. చూడాల్సింది సబ్‌కూలింగ్. మే నెల మధ్యాహ్నం ఆర్‌22 యంత్రంలో డిశ్చార్జి (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే వైపు ప్రెజర్) 300 పీఎస్ఐ ఉంటే గ్యాస్ 55 డిగ్రీల దగ్గర ద్రవమవుతోందని అర్థం, లిక్విడ్ పైపు 49 ఉంటే తేడా 6, యూనిట్ ప్లేటు మీద వేరే అంకె లేకపోతే అది చాలు. లిక్విడ్ పైపు మీది చిన్న అద్దపు కిటికీలో, అంటే సైట్ గ్లాసులో, బుడగలు పోయాయా, వాల్వు దగ్గర సుయ్యిమనే చప్పుడు తగ్గిందా అన్నది కూడా చూస్తారు, తోడు సాక్ష్యంగా పనికొస్తాయి. తర్వాతే సూపర్‌హీట్. కంపెనీలో పెట్టిన సెట్టింగ్ మామూలుగా సరిపోతుంది. అయినా మార్చాలంటే మూత విప్పి, మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, పావు చుట్టు తిప్పి పావుగంట ఆగాలి. చాలా వాల్వుల్లో కుడివైపు తిప్పితే స్ప్రింగు బిగిసి సూపర్‌హీట్ పెరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి తిప్పుతూ పోతే వాల్వు కుదుటపడే లోపే మళ్ళీ కదిపినట్టవుతుంది, సాయంత్రానికి అసలు సెట్టింగ్ ఎక్కడుండేదో ఎవరికీ గుర్తుండదు. హాలు ఖాళీగా ఉన్న పొద్దుటిపూట చూసిన సూపర్‌హీట్‌నే నమ్ముకుని వెళ్ళిపోకూడదు, వీలైతే లోడు పడ్డాక ఇంకోసారి కొలవాలి. కొలిచిన నాలుగు అంకెలు, రెండు ప్రెజర్లు, రెండు పైపుల వేడి, ప్యానెల్ తలుపు లోపలి వైపు మార్కర్‌తో తేదీ వేసి రాసిపెడితే, తర్వాత వచ్చే మెకానిక్ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఎలక్ట్రానిక్ వాల్వు వచ్చాక ఈ బల్బు గోల పోయిందని అనుకుంటారు గానీ అంత తేలిగ్గా పోలేదు. అందులో స్టెప్పర్ మోటారు సూదిని వందల మెట్లలో పైకీ కిందికీ నడుపుతుంది, కరెంటు ఆన్ చేయగానే టకటకమని వినిపించేది అదే, వాల్వు పూర్తిగా మూసుకుని సున్నా నుంచి లెక్క మొదలుపెడుతోంది. దాన్ని వెల్డ్ చేసేటప్పుడు పైనున్న మోటారు కాయిల్‌ని (కరెంటు తీగచుట్ట) పీకి పక్కన పెట్టాలి, తిరిగి పెట్టినప్పుడు క్లిక్కుమని దాని గాడిలో కూర్చోవాలి, కూర్చోకపోతే బోర్డు మెట్లు లెక్కపెడుతూనే ఉంటుంది, సూది కదలదు. బల్బు బదులు ఇక్కడ పైపుకి తగిలించిన చిన్న సెన్సర్ ఉంటుంది. సర్వీసుకి వచ్చినవాళ్ళు కాయిల్ కడిగేటప్పుడు అది క్లిప్పులోంచి జారి బయట వేలాడుతుంటే, గాలి వేడినే పైపు వేడి అనుకుని బోర్డు వాల్వుని తెరుస్తూ పోతుంది. సెన్సర్ తెగలేదు, షార్ట్ కాలేదు, బోర్డుకి ఆ రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది, కాబట్టి చాలాసార్లు డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ కూడా రాదు.